తాళాలు తీయండి, అద్దెకివ్వండి

భిలాయ్ సెక్టర్ 7లో ఇల్లు కావాలంటే ఉద్యోగంలో ఉండగానే కావాలి. రిటైరయ్యాక ఉక్కు కంపెనీ ఇచ్చిన గడువు ముగిసిందంటే ఆ క్వార్టర్ మనది కాదు. పెరట్లో మనం నాటిన మామిడిచెట్టూ మనది కాదు. గడువు దాటి ఉంటే పీనల్ రెంట్. దాన్ని గ్రాట్యుటీలోంచి మినహాయించుకోవచ్చని 2020 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు చెప్పేసింది. ఆ కేసు మన తోబుట్టువు లాంటి ఉక్కు పట్నం బొకారోది. తీర్పు చట్టానికి తగ్గట్టే ఉండొచ్చు. ఖాళీ చేసినవాడు ఎక్కడికి పోవాలన్నది మాత్రం కోర్టు తేల్చే సంగతి కాదు, మనమే తేల్చుకోవాలి.

1959 ఫిబ్రవరిలో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ గారు ఇక్కడి మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. ఆ రోజుల నుంచీ శ్రీకాకుళం, విజయనగరం వైపు జనం ఇక్కడికి వస్తూనే ఉన్నారు. పర్మనెంటు అయినవాళ్లకు సెక్టర్లలో క్వార్టర్లు దక్కాయి. కానివాళ్లు ఖుర్సీపార్ బస్తీలోనో క్యాంపు బస్తీలోనో సర్దుకున్నారు. ఇప్పుడు ఆ తరం ముసలిదైంది. ఊళ్లో ఇల్లు అన్నదమ్ముల వాటాల్లో పోయింది. కొడుకు బెంగళూరులో, రెండు గదుల అద్దింట్లో. పక్కనున్న దుర్గ్ నుంచి విశాఖకు 2024 సెప్టెంబర్ నుంచి వందే భారత్ నడుస్తోంది. పండక్కి వెళ్లి రావడానికి బాగానే ఉంది. వెళ్లి ఉండిపోదామంటే అక్కడ పలకరించేవాళ్లెవరు? వీళ్లకు తెలిసిన ఆసుపత్రి సెక్టర్ 9లో ఉంది, బాలాజీ గుడి సెక్టర్ 5లో ఉంది, అరువిచ్చే కిరాణా కొట్టు వీధి చివర ఉంది.

చేతిలో ఎంతుందో చూద్దాం. ఉద్యోగుల పెన్షన్ పథకం (ఈపీఎస్-95) కింద కనీస పెన్షన్ నెలకు 1,000 రూపాయలని 2014 సెప్టెంబర్‌లో నిర్ణయించారు. ఆ తర్వాత అది కదల్లేదు. 15,000 జీతం పరిమితి మీద ముప్పై అయిదేళ్ల సర్వీసు లెక్క కట్టినా వచ్చేది 7,500. అంతకు ముందు పరిమితి 6,500 మాత్రమే కాబట్టి పాతవాళ్లకు అందులో సగం కూడా రాదు. పెన్షనరు పోతే అందులో సగం భార్యకు. ఇక వృద్ధాప్య పెన్షన్ సంగతి: ఎనభై ఏళ్లు నిండేదాకా కేంద్రం వాటా నెలకు 200. రాష్ట్రం ఎంతో కొంత కలుపుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి 4,000 ఇస్తున్నారు. ఒడిశా దాటి ఇవతలికి, ఛత్తీస్‌గఢ్‌కు వచ్చినంత మాత్రాన ముసలితనం చవకైపోతుందా?

వృద్ధాశ్రమం ఉంది కదా అంటారు. జిల్లాకొకటి, 150 మందికి చొప్పున పెట్టొచ్చని 2007 నాటి వయోవృద్ధుల సంక్షేమ చట్టం చెబుతోంది. అదీ దిక్కులేనివాళ్లకు. కోక్ ఒవెన్ దగ్గర ఒళ్లు కాల్చుకున్న మనిషి దిక్కులేనివాడు కాడు. ఆయనకు కావాల్సింది హాల్లో వరసగా వేసిన మంచాల్లో ఒక మంచం కాదు. తన పొయ్యి, తన తలుపు, ఆ తలుపుకు తన చేతిలో తాళంచెవి. పేపర్లో రంగుల ప్రకటనలిచ్చే సీనియర్ లివింగ్ ఫ్లాట్లేమో లక్షల మాట. ఈ రెంటికీ మధ్య ఏమీ లేదు.

మధ్యలో ఉండాల్సిన ఇళ్లు మన కళ్ల ముందే ఉన్నాయి. 1980ల్లో భిలాయ్ స్టీల్ ప్లాంటుకు అరవై వేల పైచిలుకు పర్మనెంటు కార్మికులుండేవారు. నేడు అందులో పావు వంతు కూడా లేరు. కట్టిన ఇళ్లు మాత్రం వాళ్లతో పాటు రిటైర్ కాలేదు. కొన్నింటికి తాళం, కొన్నింటికి కబ్జా. 2000ల మొదట్లో వేల ఇళ్లను దీర్ఘకాలిక లీజుకిచ్చారు గానీ, అది ఒక్కసారే పెద్ద మొత్తం కట్టగలిగినవాళ్లకు. నేనడిగేది అమ్మకం కాదు, అద్దె. గ్రౌండ్ ఫ్లోర్ క్వార్టర్లలో కొన్నిటిని అరవై దాటినవాళ్ల కోసం పక్కన పెట్టాలి. అద్దె, పెన్షన్‌లో మూడో వంతుకు మించకూడదు. బాత్రూంలో పట్టుకోవడానికి కమ్మీలు, గుమ్మం దగ్గర మెట్టుకు బదులు వాలు, పది ఇళ్లను చూసుకోవడానికొక మనిషి. అంతే.

ఇది కొత్త ఆలోచనేమీ కాదు. మన ఫర్నేస్ రాజుకున్న 1959లోనే అమెరికా తన గృహచట్టంలో వృద్ధుల ఇళ్ల కోసం సెక్షన్ 202 అని పెట్టుకుంది. ఆ ఇళ్లలో ఇప్పుడు 62 ఏళ్లు దాటిన పేదవాళ్లు ఆదాయంలో 30 శాతమే అద్దెగా కడతారు.

కంపెనీవాళ్ల భయం నాకు తెలుసు. ముసలాయన పోతాడు, మనవడు దిగుతాడు, ఖాళీ చేయించలేక పదేళ్లు కోర్టు చుట్టూ తిరగాలి. ఉత్తుత్తి భయం కాదది, భిలాయ్‌లో ఎవర్నడిగినా ఓ ఉదాహరణ చెబుతారు. సింగపూర్‌లో వృద్ధులకు 15 నుంచి 45 ఏళ్ల లీజుకిచ్చే చిన్న ఫ్లాట్లున్నాయి. వాటిని ఇతరులకు అమ్ముకోవడానికి వీల్లేదు, వద్దనుకుంటే గృహమండలికే తిరిగివ్వాలి. మన కాగితం మీదా అలాగే రాయాలి: భార్యాభర్తల జీవితకాలం వరకే, వారసులకు హక్కు లేదు. సంతకం కొడుకు చేత కూడా పెట్టించాలి.

ఉక్కు చెయ్యడం మా పని, ముసలివాళ్లను చూడటం కాదు అనే మాట కూడా వస్తుంది. నిజమే. అందుకే ఖర్చంతా కంపెనీ నెత్తిన వెయ్యమనను. ఖాళీ సర్కారీ ఇళ్లను వలస కూలీలకు అద్దెకిచ్చే పథకాన్ని 2020లో తెచ్చింది కేంద్రమే. 2024లో మొదలైన ప్రధానమంత్రి ఆవాస్ యోజన (పీఎంఏవై) రెండో దశలోనూ అద్దె ఇళ్ల విభాగం ఉంది. కంపెనీ క్వార్టర్లనూ అందులో చేర్చమని మన దుర్గ్ ఎంపీ ఢిల్లీలో అడగొచ్చు.

ఒక్క సంగతి మాత్రం ముందే తేలాలి. జాబితా మాజీ పర్మనెంటు ఉద్యోగులతో మొదలై వాళ్లతోనే ముగిస్తే నేను దీనికి ఒప్పుకోను. అదే గేటులోంచి లోపలికెళ్లి అదే వేడిలో పనిచేసిన ఠేకా (కాంట్రాక్టు) కూలీకి క్వార్టర్ అప్పుడూ రాలేదు. గ్రాట్యుటీ చాలామందికి అందలేదు. ఖుర్సీపార్‌లో రేకుల కింద ఒంటరిగా ఉన్న ముసలమ్మల దరఖాస్తులు ముందు తీసుకోండి. సెక్టర్‌వాళ్లవి ఆ తర్వాత చూడొచ్చు.