కాపలా సరే... కమాండ్ ఎవరిది?

2023 నవంబరు 19న ఎర్రసముద్రంలో ‘గెలాక్సీ లీడర్’ అనే సరకు ఓడ మీద హౌతీలు హెలికాప్టర్‌లో దిగి, ఓడను పట్టుకుపోయారు. నెల తిరిగేలోపే అమెరికా ‘ఆపరేషన్ ప్రాస్పెరిటీ గార్డియన్’ ప్రకటించింది. అందులో ఉన్నాయని చెప్పిన దేశాల్లో స్పెయిన్ ‘మేం లేం’ అనేసింది. ఫ్రాన్స్, ఇటలీ తమ యుద్ధనౌకలు తమ ఆదేశాల మీదే నడుస్తాయన్నాయి. 2024 ఫిబ్రవరి 19న ఐరోపా సమాఖ్య ‘ఆస్పిడెస్’ పేరుతో వేరు కుంపటి పెట్టింది.

అందరూ మిత్రులే, కాపాడాల్సినవీ అవే ఓడలు. మరి ఒకే కమాండ్ ఎందుకు కుదర్లేదు? గ్రూప్ డిస్కషన్‌లో చాలామంది ‘ఇగో’ అని తేల్చేస్తారు. అసలు సంగతి తెలియాలంటే రెండో ప్రపంచ యుద్ధం దాకా వెళ్లాలి.

1942: లెక్కలో తేడా

1942 జనవరిలో జర్మన్ జలాంతర్గాములు అమెరికా తూర్పు తీరానికి చేరాయి. సరకు ఓడలను గుంపుగా, యుద్ధనౌకల రక్షణలో నడపడాన్ని కాన్వాయ్ అంటారు. కాపలా బలహీనంగా ఉన్నా కాన్వాయ్ నడపాల్సిందేనన్నది బ్రిటన్ అనుభవం. చాలినంత కాపలా లేని కాన్వాయ్ అసలు లేనిదానికన్నా ప్రమాదమన్నది అమెరికా నౌకాదళాధిపతి అడ్మిరల్ ఎర్నెస్ట్ కింగ్ వాదన. ఆయన చేతిలో ఓడలు తక్కువ, పసిఫిక్‌లో జపాన్‌తో యుద్ధం వేరే. తూర్పు తీరంలో పూర్తిస్థాయి కాన్వాయ్‌లు మే నెలలో గానీ మొదలవలేదు. ఈలోగా వందల ఓడలు మునిగాయి. పెద్దల వాదన తేలేలోపు మూల్యం చెల్లించింది సరకు ఓడల నావికులు.

గీత గీశాక...

ఇంకో గొడవ కెనడాది. ఉత్తర అట్లాంటిక్ కాపలాలో దాదాపు సగం భారం కెనడా మోస్తోంది. అమెరికా ఓడలు అక్కడ నామమాత్రమే. అయినా పశ్చిమ భాగంలో పెత్తనం అమెరికా అడ్మిరల్‌దే. 1943 మార్చిలో వాషింగ్టన్‌లో పంచాయితీ జరిగింది. వేర్వేరు దేశాల ఓడల్ని ఒకే దళంలో కలపడం కింగ్‌కు ఇష్టం లేదు. దాంతో ఉత్తర మార్గాన్ని బ్రిటన్, కెనడాలకు వదిలేశారు. 47 డిగ్రీల పశ్చిమ రేఖాంశం దగ్గర గీత గీసి, దానికి పడమర బాధ్యతను హాలిఫాక్స్‌లోని కెనడా అడ్మిరల్ లియొనార్డ్ ముర్రేకి ఇచ్చారు.

మే నెలలో కింగ్ ‘టెన్త్ ఫ్లీట్’ పెట్టారు. దానికి సొంతంగా ఒక్క ఓడా లేదు. జలాంతర్గాముల సమాచారాన్నీ, నిర్ణయాన్నీ ఒకేచోటికి తేవడమే దాని పని. అదే నెలలో జర్మనీ 41 జలాంతర్గాములు కోల్పోయి వెనక్కి తగ్గింది. దీర్ఘశ్రేణి విమానాలు, రాడార్, కోడ్ ఛేదన అందులో పెద్ద పాత్ర పోషించాయి. అవి సరైన చోటికి వెళ్లాలంటే మాత్రం ఆదేశించేదెవరో ముందు తేలాలి.

మళ్లీ ఎర్రసముద్రానికి

ఇప్పటి తేడా కూడా పెత్తనం దగ్గరే ఆగలేదు. అమెరికా, బ్రిటన్ 2024 జనవరి నుంచి యెమెన్ గడ్డ మీద దాడులు చేశాయి. ఆస్పిడెస్ కేవలం రక్షణకే. ఒకే కమాండ్ కింద చేరితే ‘మనం ఆ యుద్ధంలో ఉన్నామా?’ అన్న ప్రశ్నకు ప్రతి ప్రభుత్వమూ తన దేశంలో జవాబు చెప్పుకోవాలి.

భారత్ ఈ రెండింటిలోనూ చేరకుండా సొంతంగా యుద్ధనౌకలు పంపింది. 2024 జనవరి 26న ‘మార్లిన్ లువాండా’ ట్యాంకర్‌కు క్షిపణి తగిలి మంటలు లేచాయి. అందులో 22 మంది భారతీయులు. మన నగరం పేరున్న ఐఎన్‌ఎస్ విశాఖపట్నం వెళ్లి మంటలు ఆర్పడంలో సాయపడింది. అమెరికా, ఫ్రాన్స్ నౌకలూ స్పందించాయి. అంటే కమాండ్ వేరైనా, సమాచారం కలిస్తే పని నడుస్తుంది.

ఇంటర్వ్యూలో ఇలాంటి ప్రశ్న వస్తే మూడు విషయాలు విడదీసి చెప్పండి. ఆదేశం ఎవరిది? దాడికి అనుమతి ఎంతవరకు? సమాచారం ఎవరెవరికి చేరుతోంది? మొదటి రెండింటిలో మిత్రులు విడిపోవచ్చు. మూడోది తెగితే మాత్రం మునిగేది ఓడే.