బొమ్మ రైలుకి ముందు బల్ల చూడండి

అన్నలూ, తమ్ముళ్లూ, బొమ్మ రైలు పెట్టుకుందామనే వాళ్లంతా ఇంజిన్ ఏది కొనాలనే అడుగుతారు. మేం మాత్రం డబ్బులు ముందు కింద బల్ల మీద పెట్టమంటాం. పునాది సంగతి మనకొకరు చెప్పాలా?

షాబియా రూముల్లో ఉన్నది మంచం కింద జాగానే. హెచ్‌ఓ సైజు రైలు గుండ్రంగా తిరగాలంటే దాదాపు నాలుగడుగుల వెడల్పు కావాలి. ఎన్ సైజుకి రెండడుగులు చాలు, పట్టాల మధ్య దూరం 9 ఎంఎమ్మే.

బల్లకి 9 ఎంఎం ప్లైవుడ్, కింద అడుగున్నరకొక రీపర్. ఎండీఎఫ్ చవకే, కానీ ఆగస్టు ఉక్కలో ఏసీ ఆగిందంటే తేమ పీల్చి ఉబ్బుతుంది. వాడేసిన షట్టరింగ్ ప్లై ఊరికే వస్తుందని తేవద్దు. సిమెంటు నీళ్లు తాగి వంకర పోయుంటుంది, పైగా గేటు దగ్గర మాట పడాలి.

కొందరు రూఫ్ మీద వేసే ఎక్స్‌పీఎస్ ఫోమ్ షీటు తేలికంటారు. తేలికే. రబ్బరు సొల్యూషన్ రాస్తే మాత్రం కరిగిపోతుంది, తెల్ల ఫెవికాలే వాడాలి. నిప్పంటుకుంటే ఆ పొగ మహా చెడ్డది. పదిమంది పడుకునే రూములో అది మాకు నచ్చదు.

పట్టాల కింద 3 ఎంఎం కార్క్ వేస్తే చప్పుడు తగ్గుతుంది, నైట్ డ్యూటీ వాడు తిట్టడు. కంకర బదులు ఎడారి ఇసుక పోయకండి, గేర్లలో దూరుతుంది. జల్లెడ పట్టి కడిగిన రాతి రవ్వ పోయండి.

బల్ల రెండు ముక్కలుగా చేసి బోల్టులు వేయండి. క్యాంపు ఎప్పుడు మార్చమంటారో తెలీదు కదా.