సేరంపూర్‌కు దక్కని పెద్దరికం

పోటీ పరీక్షల గైడు ఏది తిరగేసినా ఒకటే మాట. మన దేశంలో ఆధునిక విశ్వవిద్యాలయాలు 1857లో పుట్టాయి, కలకత్తా, బొంబాయి, మద్రాసు. పిల్లలు బట్టీ పడతారు, రాస్తారు, మార్కులు పడతాయి. కలకత్తాకు ఎగువన, హుగ్లీ పడమటి ఒడ్డున ఉన్న సేరంపూర్ కాలేజీకి పట్టాలిచ్చే అధికారం 1827 ఫిబ్రవరి 23నే వచ్చిందన్న సంగతి ఆ గైడ్లలో నాలుగు ఆప్షన్ల మధ్య కూడా కనిపించదు. అన్నను గుమ్మం బయట నిలబెట్టి, ముప్పై ఏళ్ల తర్వాత పుట్టిన తమ్ముళ్లకు పెద్దరికం కట్టబెట్టాం.

ఆ అధికారం ఇచ్చింది ఇంగ్లీషువాళ్లు కాదు. అదే దాని పాపమైందేమో. సేరంపూర్ అప్పట్లో డెన్మార్క్ వారి స్థావరం. మిషనరీలంటే ఈస్టిండియా కంపెనీకి గిట్టని రోజుల్లో విలియం కేరీ, జాషువా మార్ష్‌మన్, విలియం వార్డ్ అక్కడ తలదాచుకున్నారు. ఒకరు చెప్పులు కుట్టి బతికినవాడు, ఒకరు బడిపంతులు, ఒకరు అచ్చుపనివాడు. ముగ్గురూ బాప్టిస్టు సంఘం వారు. 1818లో 37 మంది విద్యార్థులతో కాలేజీ పెట్టారు. తొమ్మిదేళ్లకు డెన్మార్క్ రాజు ఆరో ఫ్రెడరిక్ దానికి కోపెన్‌హాగెన్, కీల్ విశ్వవిద్యాలయాలకున్న హోదాతో సన్నదు రాసిచ్చాడు. 1845లో డేన్లు ఆ ఊరిని కంపెనీకి అమ్ముకున్నప్పుడు కూడా కాలేజీ హక్కులు చెక్కుచెదరవని ఒప్పందంలో రాయించారు. చట్టప్రకారం చూస్తే ఇంతకంటే గట్టి దస్తావేజు ఏం కావాలి?

ఎవరిని చేర్చుకున్నారన్నది నన్ను ఇంకా ఎక్కువ నిలదీస్తుంది. 1817లో కలకత్తాలో తెరిచిన హిందూ కాలేజీలో హిందువుల పిల్లలకే చోటు. 1824లో సర్కారు సొమ్ముతో పెట్టిన సంస్కృత కళాశాలలోకి బ్రాహ్మణ, వైద్య కులాలు తప్ప ఇంకొకరు అడుగు పెట్టలేదు. 1851లో ఈశ్వరచంద్ర విద్యాసాగర్ పూనుకునేదాకా ఆ తలుపు అలాగే ఉంది. సేరంపూర్ నిబంధనలు మాత్రం కులమో, రంగో, దేశమో కారణంగా ఎవరినీ కాదనకూడదన్నాయి. మొదటి తరగతిలోనే క్రైస్తవుల పక్కన హిందువులు కూర్చున్నారు. మతం మార్చడానికి వచ్చినవాళ్లే కదా అంటారు. వచ్చారు, దాచలేదు కూడా. అయినా అక్కడ సంస్కృతం, అరబ్బీ, ఖగోళం, రసాయన శాస్త్రం చెప్పారు. జాన్ మాక్ అనే అధ్యాపకుడు 1834లో బెంగాలీలో రసాయన శాస్త్ర గ్రంథమే వేశాడు. అమెరికాలో చందాలిచ్చిన దాతలు తమ సొమ్ముతో దైవశాస్త్రమే చెప్పాలి, సైన్సు చెప్పకూడదని షరతు పెడితే సేరంపూర్‌వారు మండిపడ్డారు.

ఖర్చుల సంగతి ఈనాటి ప్రైవేటు యూనివర్సిటీల యజమానులు ఒకసారి వింటే బాగుండు. కాలేజీ భవనానికి సుమారు 15 వేల పౌండ్లు అయింది. అందులో అధిక భాగం వ్యవస్థాపకుల సొంత కష్టార్జితం. కలకత్తాలోని ఫోర్ట్ విలియం కాలేజీలో పాఠాలు చెప్పినందుకు కేరీకొచ్చే జీతం నెలకు 500 రూపాయలతో మొదలై తర్వాత వెయ్యికి పెరిగింది. ఆ రోజుల్లో అది జమీందారీ రాబడి లాంటిది. అందులో తిండికీ బట్టకూ పోగా మిగిలినదంతా ఉమ్మడి ఖాతాకే వెళ్లేది. మార్ష్‌మన్ దంపతుల బడులు, వార్డ్ అచ్చుకూటం సంపాదించింది కూడా అంతే. 1834లో కేరీ చనిపోతూ తన మ్యూజియాన్ని కాలేజీకి రాశాడు. ఒక కొడుకుకు 1500 రూపాయలు ఇవ్వడానికి తన పుస్తకాలు అమ్మమని వీలునామాలో రాయాల్సి వచ్చింది. కాలేజీ పెట్టి ఆస్తులు కూడబెట్టినవాళ్లను చూసిన మన కళ్లకు ఇది నమ్మశక్యంగా ఉండదు.

హక్కు ఉంటే సరా, పట్టాలేవీ అని ఎదురడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. 1915 దాకా ఆ అధికారాన్ని వాడలేదు. 1830 నుంచి కలకత్తా వ్యాపార సంస్థలు ఒకటొకటే దివాలా తీస్తే కాలేజీ నిధులూ వాటితో మునిగాయి. ముగ్గురు పెద్దలూ 1837కల్లా పోయారు. ఆ తర్వాత వచ్చినవాళ్లకు కాలేజీని బతికించడమే గగనమైంది. కానీ 1857లో పుట్టిన కలకత్తా విశ్వవిద్యాలయం మాత్రం ఏం చేసింది? పాఠాలు చెప్పలేదు, పరీక్షలు పెట్టింది. పాఠాలు చెప్పి పట్టాలివ్వనిదాన్ని చరిత్ర నుంచి కొట్టేసి, పాఠాలు చెప్పకుండా పట్టాలిచ్చినదాన్ని మొదటిదంటే అది ఏ లెక్క? ఇప్పుడు సేరంపూర్‌లో బీఏ, బీఎస్సీ చదివే పిల్లలకు పట్టాలిచ్చేది ఆ కలకత్తా విశ్వవిద్యాలయమే. సేరంపూర్ సొంత ముద్ర దైవశాస్త్రానికే మిగిలింది. 1918లో బెంగాల్ శాసనసభ చట్టం చేసి ఆ పట్టాలిచ్చే పనిని సేరంపూర్ కాలేజీ సెనేట్‌కు అప్పగించింది.

ఇందులో తెలుగువాళ్లకేం పని అనుకోకండి. 1812 మార్చిలో సేరంపూర్ అచ్చుకూటం తగలబడినప్పుడు బూడిదైనవాటిలో కేరీ రాసుకున్న తెలుగు వ్యాకరణం ఉంది. పట్టుదలగా మళ్లీ రాసి 1814లో అచ్చువేశాడు. కాంప్‌బెల్ దొర వేసిన తెలుగు వ్యాకరణానికి అది రెండేళ్లు ముందు. నిజం చెప్పాలంటే కాంప్‌బెల్‌దే మెరుగు, మద్రాసులో తెలుగువాళ్ల మధ్య ఉండి రాశాడు కనుక. అయినా ముందు నడిచినవాడి పేరు ఒకసారైనా తలవాలి కదా. సామర్లకోటలో తోట వేసి మన చెట్టూచేమను పటాలు గీయించిన రాక్స్‌బర్గ్ ఉన్నాడే, ఆయన చనిపోయాక ‘ఫ్లోరా ఇండికా’ను సేరంపూర్‌లో అచ్చువేయించిందీ కేరీయే. బ్రౌన్ దొరకు విగ్రహాలు పెట్టుకున్నాం, మంచిదే. కేరీ పేరు మాత్రం మనకు అంతగా పట్టదు.

ఇక మన మధ్యనే ఉన్నవాళ్ల సంగతి. 1964లో రాజమండ్రిలో మొదలై తర్వాత హైదరాబాద్ చేరిన ఆంధ్రా క్రైస్తవ వేదాంత కళాశాల సేరంపూర్ సెనేట్ అనుబంధ సంస్థే. అక్కడ చదివేవాళ్లు హీబ్రూ, గ్రీకు నేర్చుకుంటారు, ఇతర మతాల తత్త్వాలు చదువుతారు, ఏళ్ల తరబడి కష్టపడి బీడీ (బ్యాచిలర్ ఆఫ్ డివినిటీ) పట్టా పుచ్చుకుంటారు. బయటికొస్తే ‘బైబిల్ ట్రైనింగా?’ అని అడుగుతారు. పెళ్లిచూపుల్లోనూ అదే మాట, ఆఫీసు గుమాస్తా దగ్గరా అదే మాట. ఆ కాగితం మీదున్న పేరుకు పట్టాలిచ్చే హక్కు 1857 నాటి యూనివర్సిటీల కంటే ముందే వచ్చిందని ఆ అడిగేవాళ్లకు ఎవరూ చెప్పలేదు.

పాఠ్యపుస్తకాలు రాసే పెద్దలకు నా విన్నపం ఒక్కటే. 1857ను తీసేయమనడం లేదు. దానికి పైన 1827 అని ఒక పంక్తి, పక్కన సేరంపూర్ పేరు వేయండి. వచ్చే ముద్రణలోనే వేయండి.