ఆఫీసు సర్వేలో మన జవాబు

ఏడాదికోసారి ఆఫీసులో సర్వే పెడతారు. పని ఉత్సాహంగా ఉందా, ఎంత అలసిపోతున్నారు అంటూ ఒకటి నుంచి ఐదు దాకా మార్కులు వేయమంటారు. తర్వాత హైదరాబాద్, టోక్యో, డాలస్ సగటులను పక్కపక్కన పెట్టి, ఎక్కడివాళ్లు సుఖంగా ఉన్నారో తేల్చేస్తారు. అలా తేల్చడం తప్పని గట్టిగా చెప్పదలచుకున్నాం.

పనిలో మనసు ఎంత లగ్నమైందో కొలవడానికి నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ పరిశోధకులు ఒక ప్రశ్నావళి తయారుచేశారు. అందులో జపాన్ ఉద్యోగులకు బాగా తక్కువ మార్కులొచ్చేవి. అకిహితో షిమాజు బృందం 2010లో వారి జవాబులను డచ్ ఉద్యోగుల జవాబులతో పోల్చి చూసింది. జపాన్‌వాళ్లు సంతోషాన్ని పైకి చెప్పుకోకుండా అణచుకోవడం ఇందుకు ఒక కారణం కావచ్చంది. అంటే మార్కులు తక్కువైనంత మాత్రాన పని మీద మనసు లేదనుకోలేం.

మన దేశంలోనే ఇంకో ఉదాహరణ ఉంది. ఆయుర్దాయంలో ముందున్న కేరళలో జబ్బుగా ఉందని చెప్పేవాళ్లు ఎక్కువనీ, వెనకబడిన బీహార్‌లో తక్కువనీ 2002లో అమర్త్య సేన్ ఎత్తిచూపారు. చదువు, వైద్యం అందినచోట జబ్బును జబ్బుగా గుర్తిస్తారు. ఆఫీసులోనూ అంతే. చెబితే వినేవాళ్లున్నచోటే ఫిర్యాదులు ఎక్కువగా వస్తాయి. ఫిర్యాదే రాని ఆఫీసును చూసి మేం నిశ్చింతగా ఉండలేం.

అమెరికాలో మనవాళ్ల మార్కుల వెనక భయం కూడా ఉంటుంది. హెచ్‌1బీ వీసా మీద ఉన్నవారి ఉద్యోగం పోతే సాధారణంగా 60 రోజుల్లోగా మరో దారి చూసుకోవాలి. పిల్లల బడి, ఇంటి అప్పు, ఊళ్లో అమ్మానాన్నల మందుల ఖర్చు అన్నీ ఆ గడువుకే వేలాడుతుంటాయి. అలాంటి మనిషి పేరు అడగని సర్వేలో కూడా నాలుగో, ఐదో నొక్కి ఊరుకుంటాడు. ఆ నాలుగును చూసి అంతా బాగుందనుకునే యాజమాన్యం తన మనిషిని చూడనట్టే.

ఒకే అంకెకు ఒక్కోచోట ఒక్కో అర్థం ఉండటాన్ని కొంతైనా సరిదిద్దే పద్ధతి ఉంది. ముందుగా అందరికీ ఒకే చిన్న కథ చెబుతారు: ఒకాయన రోజూ పది గంటలు పనిచేస్తాడు, ఆదివారమూ ఫోన్ ఎత్తాలి. ఆయన ఒత్తిడికి ఎన్ని మార్కులు వేస్తారు? దీనికి హైదరాబాద్‌లో రెండు, డాలస్‌లో నాలుగు వేశారనుకోండి, ఇద్దరి కొలబద్దలు వేరని తెలిసిపోతుంది. గ్యారీ కింగ్ బృందం 2004లో ఈ పద్ధతిని వివరంగా ప్రతిపాదించింది.

మన సంఘంలో హెచ్‌ఆర్ ఉద్యోగాల్లో ఉన్న అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు చాలామందే ఉన్నారు. మీకు మా విన్నపం: ఒక ఆఫీసును దాని నిరుటి మార్కులతోనే పోల్చండి. రాత్రి కాల్స్ ఎన్ని, వాడుకోని సెలవులెన్ని అన్నది కూడా లెక్క తీయండి. జవాబులు ఎవరెవరు చూస్తారో సర్వే మొదట్లోనే రాయించండి. ఐదుగురే ఉన్న టీమ్ సగటును వాళ్ల మేనేజరుకు ఇవ్వకండి.