గంటకి పావు డాలరు

పోయిన వారం మా అబ్బాయి ఒక కాగితం మీద లెక్క వేసి తెచ్చి నా ముందు పెట్టాడు. పద్నాలుగేళ్ళవాడు. లెక్కల్లో తప్పు చేసే రకం కాదు. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆటకు నెలచందా ఒక సెంటు తక్కువగా 15 డాలర్లు. తాను నెలకు 60 గంటలు ఆడతాడట. భాగిస్తే గంటకి పావు డాలరు. దాని పక్కనే సినిమా టికెట్టు ధర, సినిమా నిడివి, గంటకి ఇంత అని మరో వరుస. అడుగున ఒక గీత గీసి, "నాన్నా, ఇంతకంటే చవకైన వినోదం మనింట్లో ఇంకేదైనా ఉంటే చూపించు" అన్నాడు.

చూపించలేకపోయాను. ఆ రాత్రి తీరిగ్గా ఆలోచిస్తే తెలిసింది. వాడి భాగహారం సరైనదే. పద్దు రాసిన చోటే తప్పు. ఆ అరవై గంటల్నీ వాడు జమలో రాశాడు. రాయవలసింది ఖర్చులో.

ఈ ఆటలతో పరిచయం లేని మిత్రుల కోసం రెండు ముక్కలు చెప్పి ముందుకు సాగుతాను. ఇవి మనం ఒంటరిగా ఆడి ముగించే ఆటలు కావు. వేలమంది అంతర్జాలం ద్వారా ఒకే కాల్పనిక లోకంలోకి ప్రవేశించి, ఒకరు యోధుడుగా, ఒకరు మాంత్రికుడుగా, ఒకరు వైద్యుడుగా తలొక వేషం ధరించి, జట్లు కట్టి రాక్షసుల మీదికి దండెత్తుతారు. మనం కంప్యూటరు కట్టేసి పడుకున్నా ఆ లోకం నడుస్తూనే ఉంటుంది. దానికి సర్వర్లు కావాలి, సిబ్బంది కావాలి, ఎప్పటికప్పుడు కొత్త కథలు కావాలి. అందుకే చందా. 1997లో వచ్చిన అల్టిమా ఆన్‌లైన్, 1999లో వచ్చిన ఎవర్‌క్వెస్ట్ ఈ పద్ధతిని స్థిరపరిస్తే, 2004 నవంబరులో వచ్చిన వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ దాన్ని ఇంటింటికీ తీసుకెళ్ళింది. 2010 అక్టోబరు నాటికి తమ చందాదారులు కోటీ ఇరవై లక్షలమంది దాటారని ఆ సంస్థ ప్రకటించుకున్నది.

ఇక వాదానికి వస్తాను. "గంటకి ఎంత పడుతుంది?" అన్న ప్రశ్న మా అబ్బాయి కనిపెట్టింది కాదు. ఈ ఆటల సమర్థకులంతా ఇరవయ్యేళ్ళుగా వల్లిస్తున్న మంత్రమే అది. వినడానికి ఎంతో హేతుబద్ధంగా ఉంటుంది. కాని ఆ కొలబద్దే ప్రమాణమైతే బస్‌స్టాపులో నిలబడటాన్ని మించిన వినోదం లేదు. గంటల తరబడి నిలబడవచ్చు, కానీ ఖర్చు లేదు. ఒక మంచి కథ అరగంటలో చదివి, ఆ తరువాత అరవై రోజులు మనసులో మోస్తాం. గంట లెక్కన చూస్తే అది ఖరీదైన వ్యవహారమే! వస్తువు మన్నిక పెరిగేకొద్దీ మనకు లాభమన్నది చెప్పుల విషయంలో నిజం. ఆట విషయంలో మన్నేది వస్తువు కాదు, అరిగేది మన ఆయుర్దాయం.

ఇందులో ఇంకో చమత్కారం ఉంది. గంటకింత అన్న లెక్కలో, ఆట ఎంత నత్తనడక నడిస్తే అంత చవకగా కనిపిస్తుంది. నెలచందా మీద బతికే సంస్థకు మనం ఆటను త్వరగా ముగించడం నష్టం. అందుకే అక్కడ దారులు పొడుగ్గా ఉంటాయి. పెద్ద దండయాత్రల్లో దక్కే బహుమానాలకు వారానికి ఒకసారే అన్న తాళం ఉంటుంది. అమెరికాలో ఆ తాళం మంగళవారం తెరుచుకుంటుంది. రోజుకొకసారి చేయవలసిన పనులు, వారానికొకసారి చేయవలసిన పనులు, పండగలకు మాత్రమే దొరికే వస్తువులు, అన్నీ పంచాంగం ప్రకారం అమర్చి ఉంటాయి. ఫైనల్ ఫాంటసీ 14 అనే మరో చందా ఆటలో ఇల్లు కొనుక్కోవచ్చు. 45 రోజులు ఆ ఇంటి గడప తొక్కకపోతే ఇల్లు పోతుంది. స్థలాలు తక్కువ, కోరేవారు ఎక్కువ అని వారి సమాధానం. సమాధానంలో న్యాయం లేకపోలేదు. అయినా నిజజీవితంలో ఊరి ఇంటికి ఏడాదికొకసారి కూడా వెళ్ళలేని నాబోటివాడు, లేని ఇంటిని నిలుపుకోవడానికి నెలన్నరకొకసారి హాజరు వేయించుకోవడమేమిటని ఆలోచించవద్దా?

ఇంతవరకు చదివి "మేము మొదటినుంచీ చెబుతున్నదే, ఆటలన్నీ కాలహరణమే" అని తలలూపే పెద్దమనుషులు కొందరుంటారు. వారితో నాకు ఇంకా పెద్ద తగాదా ఉంది. పెళ్ళింట రాత్రంతా చీట్లపేక ఆడి, సాయంత్రమంతా టీవీ సీరియల్లో అత్తాకోడళ్ళ కుతంత్రాలకు అప్పగించేవారికి, పిల్లల ఆటను ఛీత్కరించే అధికారం ఎక్కడిది? నార్వే దేశంలో మాట్స్ స్టీన్ అనే యువకుడు ఉండేవాడు. కండరాలు క్రమంగా క్షీణించే జబ్బుతో చక్రాల కుర్చీకి పరిమితమై, 2014లో ఇరవై అయిదేళ్ళకే మరణించాడు. కొడుకు ఒంటరిగా బతికి పోయాడనే తల్లిదండ్రులు అనుకున్నారు. అతను రాసుకునే పేజీలో మరణవార్త పెట్టాక ఐరోపా నలుమూలలనుంచీ ఉత్తరాలు వచ్చిపడ్డాయి. ఈ వార్‌క్రాఫ్ట్ లోకంలోనే ఇబెలిన్ అనే పేరుతో అతను ఎందరికో ఆప్తుడు. ఆ ఆటలోని మిత్రులు కొందరు అంత్యక్రియలకు వచ్చారు. 2024లో ఆ కథ డాక్యుమెంటరీ చిత్రంగా వచ్చింది. దాన్ని చూసిన తరువాత కూడా "అదంతా వట్టి మాయాలోకం" అనగలిగినవారితో నాకు మాటల్లేవు.

కాబట్టి ఆటకు విలువ ఉన్నది. నా పేచీ దాని విలువతో కాదు, ఆ విలువను గంటల్లో కొలవడంతో. మాట్స్ జీవితంలో విలువైనవి గంటలు కావు, మనుషులు.

"అయితే చందా ఎందుకు, ఉచితంగా దొరికేవి బోలెడు ఉన్నాయిగా" అనేవారు మరో పక్షం. ఈ మాట వింటే నాకు నవ్వు వస్తుంది. లార్డ్ ఆఫ్ ది రింగ్స్ ఆన్‌లైన్ 2010లో చందా తలుపులు తెరిచేసింది. స్టార్ వార్స్: ది ఓల్డ్ రిపబ్లిక్ 2011 డిసెంబరులో చందాతో మొదలై ఏడాది తిరక్కుండానే అదే దారి పట్టింది. ఎల్డర్ స్క్రోల్స్ ఆన్‌లైన్ 2015లో తప్పనిసరి చందా ఎత్తేసింది. తలుపులు తెరిచినవారు లోపల దుకాణం పెట్టారు. గుర్రానికింత, గుడ్డకింత, సంచిలో అదనపు జేబుకింత. ఉచిత సత్రంలో నీళ్ళు కూడా కొనుక్కోవలసి వస్తే దాన్ని సత్రమంటామా? నెలచందాలో ఒక మర్యాద ఉంది. ధనికుడూ పేదా ఒకే టికెట్టు కొని ఒకే బెంచీ మీద కూర్చుంటారు. ఎంత తీసుకుంటారో ముందే చెబుతారు. పిల్లవాడి చేతిలో పెట్టవలసి వస్తే ఉచిత ఆటకంటే చందా ఆటే నయమని నేను బల్లగుద్ది చెబుతాను.

చెప్పి, ఒక పొల్లు చేర్చక తప్పదు. ఆ మర్యాద కూడా ఇప్పుడు పూర్తిగా మిగిలి లేదు. వార్‌క్రాఫ్ట్ నెలచందా 2004లో ఎంతో, ఇరవయ్యేళ్ళ తరువాతా అంతే. అప్పుడు 15 డాలర్లకు వచ్చిన సరుకుకు 2024లో దాదాపు పాతిక డాలర్లు పెట్టాలి. వ్యాపారి ధర పెంచలేదంటే దయ కలిగిందని కాదు, రాబడి మరో దారిన వస్తున్నదని అర్థం. 2010లో మెరిసే గుర్రం ఒకటి 25 డాలర్లకు అమ్మారు. 2015లో టోకెన్ అనేది వచ్చింది. దాన్ని ఒకరు 20 డాలర్లు పెట్టి కొని, ఆటలోని బంగారానికి మరొకరికి అమ్ముతారు. కొన్నవారికి నెలరోజుల ఆట దక్కుతుంది. అంటే 15 డాలర్ల నెల 20 డాలర్లకు అమ్ముడైంది. 2024లో ఒక వాహన జంతువు ఖరీదు 90 డాలర్లు, ఆరు నెలల చందా. అన్నిటికంటే వింతైనది 2014లో మొదలైంది. 60 డాలర్లు చెల్లిస్తే మన పాత్రను ఒక్క నొక్కుతో 90వ మెట్టు మీద కూర్చోబెట్టేవారు. ఆడటానికి నెలనెలా డబ్బు కట్టించుకున్నవారే, ఆడకుండా ఉండటానికి కూడా డబ్బు కట్టించుకున్నారన్నమాట! మధ్యలో ఉన్న ఆ గంటలు అంత ఆనందకరమే అయితే వాటిని తప్పించుకోవడానికి నాలుగు నెలల చందా ఎవరు కడతారు? మా అబ్బాయి జమలో రాసిన గంటలను ఆ దుకాణమే ఖర్చు కింద రాసి, ధర కూడా కట్టింది. నా వాదానికి ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు.

ఇంతా కట్టి మనకు మిగిలేదేమిటి? ఏమీ లేదు. స్టార్ వార్స్ గెలాక్సీస్ 2011 డిసెంబరులో మూతపడింది. సిటీ ఆఫ్ హీరోస్ 2012 నవంబరులో. చైనాలో వార్‌క్రాఫ్ట్ 2023 జనవరిలో ఆగిపోయింది. రెండు సంస్థల మధ్య ఒప్పందం తెగినందుకు. తిరిగి 2024లో తెరుచుకుంది. ఆ ఏడాదిన్నరా అక్కడి ఆటగాళ్ళు ఏళ్ళ తరబడి పెంచుకున్న పాత్రలు తాళం వేసిన గదిలో ఉన్నాయి. కాని ఇది నాకు పెద్ద అభ్యంతరం కాదు. అద్దె ఇంట్లో పుట్టి పెరిగినవాణ్ణి నేను. అద్దె ఇల్లు మనది కాదు కనుక అందులో గడిపిన బాల్యమూ మనది కాదని ఎవరంటారు? అద్దెతో చిక్కు లేదు. ఎప్పుడు ఖాళీ చేయాలో మరిచిపోవడమే చిక్కు.

నేను మరిచిపోయాను.

2007 నుంచి 2009 వరకు నేనూ ఇటువంటి ఒక లోకంలో వైద్యుడి వేషం కట్టాను. పేరెందుకు గాని, పాతికమంది జట్టు మాది. మంగళ, గురువారాల్లో రాత్రి ఎనిమిదికి దండయాత్ర. హాజరుకు మార్కులుండేవి. మార్కులున్నవారికే బహుమానాలు. ఆఫీసులో సెలవు దొరికేది గాని అక్కడ దొరికేది కాదు. వైద్యుడు లేకపోతే తతిమ్మా ఇరవై నలుగురూ కూర్చోవాలి. ఆ మాటే నన్ను కట్టిపడేసింది. బహుమానాల మీది ఆశ కంటే, నాకోసం ఎదురుచూస్తారన్న గర్వం ఎక్కువ.

మాకు రాత్రి ఎనిమిదంటే ఊళ్ళో మరునాటి ఉదయం. అది అమ్మకు నేను ఫోన్ చేసే వేళ. కాలింగ్ కార్డుల రోజులవి. బుధ, శుక్రవారాల ఫోను మొదట కుదించాను, తరువాత మానేశాను. అడిగితే "మీటింగులున్నాయమ్మా" అన్నాను. అబద్ధం అనికూడా అనిపించలేదు, పాతికమంది కూడినది మీటింగే కదా! "మావాడికి రాత్రిళ్ళు కూడా పనే" అని అమ్మ ఇరుగుపొరుగుతో గొప్పగా చెప్పుకునేదని 2012లో ఆమె పోయాక మా పిన్ని చెప్పింది.

ఆ పాపం ఆటది కాదు. నాది. నన్ను అబద్ధమాడమని ఏ రాక్షసుడూ బలవంతపెట్టలేదు. అయితే ఆ రెండేళ్ళలో ఏ నెలా "ఇంకో నెల ఉంటావా?" అని నన్ను ఎవరూ అడగలేదు. చందా దానంతట అదే కార్డులోంచి పోయేది. నెలచందాలో ఉన్న ఏకైక సుగుణం నెలనెలా మనల్ని ఆలోచించుకోమని అడగడం. ఆ ప్రశ్ననే మాయం చేసే ఏర్పాటు పేరు స్వయంచాలక పునరుద్ధరణ. నా దృష్టిలో ఈ వ్యవహారంలో దుర్మార్గం ఏదైనా ఉంటే అది పదిహేను డాలర్లలో లేదు, ఆ చిన్న గడిలో పెట్టిన టిక్కులో ఉంది.

కాబట్టి నా తీర్పు ఇది. చందా కట్టవచ్చు. ఒక నెలకు కట్టవచ్చు. కట్టిన రోజే పునరుద్ధరణ రద్దు చేయాలి. రద్దు చేసినా ఆ నెల ఆట ఎక్కడికీ పోదు. దుకాణంలో అడుగు పెట్టకూడదు. హాజరు పట్టీ ఉన్న జట్టులో చేరే ముందు ఆ వేళ ఇంట్లో ఎవరిదో చూసుకోవాలి. నెల తిరిగాక మళ్ళీ కూర్చుని లెక్క చూసుకోవాలి. ఈసారి గంటల్ని ఖర్చులో రాసి.

ఇదంతా మావాడికి చెప్పాను, అమ్మ సంగతితో సహా. వాడు కాసేపు మాట్లాడలేదు. తరువాత కాగితం తిరగేసి, నడిమికి గీత గీసి, కుడివైపు "60 గంటలు, 15 డాలర్లు" అని రాశాడు. దాన్ని చూసి 60 కొట్టేసి 30 వేశాడు. ఎడమవైపు ఖాళీగా ఉంది.

"ఇక్కడ ఏం రాయాలి నాన్నా?"

"నెల తరువాత నువ్వే చెప్పాలి" అన్నాను. కార్డు తీసి ఇచ్చాను.

ఈ లోకాల్లో నాకంటే ఎక్కువ కాలం తిరిగినవారు మీలో ఉన్నారని తెలుసు. నా తీర్పు తప్పనిపిస్తే నిర్మొహమాటంగా ఖండించండి. కాని దయచేసి గంటకి ఎంత పడుతుందో మాత్రం నాకు చెప్పకండి.