పుట్టగొడుగుల కాఫీ పొట్లం మీద ఏం రాయాలి?

భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ అధ్యక్షులకు,

పుట్టగొడుగుల కాఫీ అంటే మామూలు కాఫీపొడిలో లయన్స్ మేన్, రీషి, చాగా వంటి పుట్టగొడుగుల పొడో సారమో కలిపినది. ఏకాగ్రత కుదురుతుందని, మెదడుకు మంచిదని చెప్పి అమ్ముతున్నారు. ఆ ప్రకటనలు నల్లమల అంచునున్న అర్ధవీడులోనూ ప్రతి ఫోనులో కనిపిస్తాయి.

మెదడుకు మంచిదన్న మాటకు తరచుగా చూపే ఆధారం 2009 నాటి జపాన్ అధ్యయనం. జ్ఞాపకశక్తి కొద్దిగా తగ్గిన, 50 నుంచి 80 ఏళ్ల వయసున్న 30 మందిలో సగం మందికి 16 వారాలపాటు రోజుకు 3 గ్రాముల లయన్స్ మేన్ మాత్రలు ఇచ్చారు. పరీక్షల్లో మార్కులు పెరిగాయి. మాత్రలు ఆపిన 4 వారాలకు తగ్గాయి. కాఫీలో కలిపి తాగితే ఏమవుతుందో, ఆరోగ్యవంతులకు చురుకుదనం వస్తుందో లేదో ఆ అధ్యయనం చూడలేదు. కప్పు తాగగానే వచ్చే హుషారు కెఫీన్‌దే.

చాగా సంగతి మరీ ముఖ్యం. అందులో కిడ్నీలను దెబ్బతీయగల ఆక్సలేట్ ఎక్కువ. జపాన్‌లో 72 ఏళ్ల మహిళ ఆ పొడిని రోజూ 4, 5 చెంచాల చొప్పున ఆరు నెలలు తీసుకుని, కిడ్నీలు చెడి డయాలసిస్‌కు చేరారని 2014లో వైద్యులు ప్రచురించారు. ఫ్లోరైడ్ నీళ్లతో, కిడ్నీ జబ్బులతో ఏళ్లుగా నలుగుతున్న, అర్ధవీడు ఉన్న పాత ప్రకాశం జిల్లా పశ్చిమ ప్రాంతానికి ఇది చిన్న విషయం కాదు.

చికోరీ కలిపిన కాఫీ పొట్లం మీద రెండింటి శాతాలూ అచ్చువేయాలన్న నియమం ఇప్పటికే ఉంది. పుట్టగొడుగుల కాఫీకీ అలాంటి నియమం రావాలి: ఏ పుట్టగొడుగు, అందులో ఏ భాగం, కప్పుకు ఎన్ని మిల్లీగ్రాములు. చాగా ఉంటే కిడ్నీ రోగులకు హెచ్చరిక తెలుగులోనూ, పెద్ద అక్షరాల్లో ఉండేలా సంస్థ ఆదేశించాలి.