పాతనగరంలో చవక బస.. భద్రతకు ఏదీ భరోసా?

గోల్కొండ నుంచి మచిలీపట్నం రేవుకు సాగిన వర్తక మార్గంపై 1591లో చార్మినార్ వెలసిన నాటి నుంచి హైదరాబాద్ పాతనగరం బాటసారుల ఊరే. నాలుగు వందల ఏళ్లు దాటినా ఆ స్వభావం మారలేదు. బాటసారి తలదాచుకొనే చోటు మాత్రమే మారింది. ఒకనాటి సరాయిల స్థానంలో నేడు మదీనా కూడలి, అఫ్జల్‌గంజ్, మహాత్మాగాంధీ బస్‌స్టేషన్ పరిసరాల్లో చిన్నచిన్న లాడ్జీలు వెలిశాయి. జిల్లాల నుంచి వచ్చే సామాన్యుడికి నగరం నడిబొడ్డున అందుబాటు అద్దెకు దొరికే ఆశ్రయం అదే. ఆ ఆశ్రయం నిలబడాలంటే ముందు అది సురక్షితం కావాలి. ఈ అంశాన్ని పట్టించుకోవలసిన శాఖలు అనేకం ఉన్నా, పూర్తి బాధ్యత వహించే శాఖ ఒక్కటీ లేకపోవడమే అసలు సమస్య.

ఎవరి కోసం ఈ గదులు?

పాతనగరం లాడ్జీల్లో దిగేవారంతా విహారయాత్రికులు కారు. ఉస్మానియా ఆసుపత్రిలో రోగిని చేర్పించి రాత్రికి నడుం వాల్చే చోటు వెతుక్కొనే బంధువులు, హైకోర్టులో వాయిదాకు వచ్చిన కక్షిదారులు, పెళ్లి బట్టలకు పత్తర్‌గట్టికి, గాజులకు లాడ్‌బజారుకు వచ్చే కుటుంబాలు, టోకు సరుకు కోసం బేగంబజారుకు వచ్చే చిల్లర వర్తకులు వీరిలో ఎక్కువ. అర్ధరాత్రి బస్సు దిగి సంచులు మోసుకుంటూ నడిచి చేరుకోగల దూరంలో గది ఉండటమే వారికి ముఖ్యం. బంజారాహిల్స్‌లోనో హైటెక్ సిటీలోనో బస చేస్తే గది అద్దెకు ఆటో ఖర్చు తోడవుతుంది. ఉదయాన్నే ఆసుపత్రి ఓపీ వరుసలో నిలబడవలసినవారికి అది కుదిరే పని కాదు.

ఈ లాడ్జీల తీరు చాలావరకు ఒక్కటే. కింద దుకాణాలు, వాటి పక్క నుంచి పైకి సన్నని మెట్లు, మొదటి అంతస్తులో మేనేజరు బల్ల, ఇరుకు నడవాకు ఇరువైపులా గదులు ఉంటాయి. రాకపోకలకు ఆ మెట్లే దిక్కు. నిప్పు రాజుకుంటే పొగ పైకి ఎగబాకేదీ ఆ మెట్ల మీదుగానే.

అయిదు రోజుల తేడాలో

2025 మే 13న ప్రపంచ సుందరి పోటీలకు వచ్చిన వివిధ దేశాల యువతులు చార్మినార్ వద్ద వారసత్వ నడకలో పాల్గొన్నారు. లాడ్‌బజారులో గాజులు చూశారు. చౌమహల్లా ప్యాలెస్‌లో విందు ఆరగించారు. పాతనగరం అందం దేశదేశాలకు తెలిసింది. సరిగ్గా అయిదు రోజులకు, మే 18 ఉదయం, చార్మినార్‌కు కూతవేటు దూరంలోని గుల్జార్‌హౌజ్ వద్ద ఒక పాత భవనంలో మంటలు చెలరేగి 17 మంది మరణించారు. మృతుల్లో పసిపిల్లలూ ఉన్నారు. అది లాడ్జి కాదు, దుకాణాలపైన ఉన్న నివాసం. కానీ కింద వ్యాపారం, పైన మనుషులు, మధ్యలో ఇరుకుదారి అనే అమరిక లాడ్జీలదీ అదే. ఆ ఇంటివారికి గదులన్నీ పరిచితమే. అయినా బయటపడలేకపోయారు. ముందు రోజు రాత్రి దిగిన కొత్త మనిషి చీకట్లో, పొగలో దారి వెతుక్కోగలడా?

ఇతర ఘటనలూ ఇదే చెబుతున్నాయి. అదే ఏడాది ఏప్రిల్ 29న కోల్‌కతా బడాబజారు ప్రాంతంలోని ఒక హోటల్లో అగ్నిప్రమాదం సంభవించి 14 మంది చనిపోయారు. వారిలో అత్యధికులు ఊపిరాడక మరణించినవారే. 2022 సెప్టెంబరు 12న సికింద్రాబాద్‌లో కింద విద్యుత్ స్కూటర్ల దుకాణం, పైన లాడ్జి నడిచిన భవనంలో నిప్పంటుకొని ఎనిమిది మంది ప్రాణాలు కోల్పోయారు. 2019 ఫిబ్రవరి 12న ఢిల్లీ కరోల్‌బాగ్ హోటల్ ప్రమాదం 17 మందిని బలిగొంది. ఇలాంటి చోట్ల మంట కన్నా ముందు పొగ మనిషిని చేరుతుంది. బయటపడే మార్గం ఒక్కటే అయినప్పుడు, అదే పొగగొట్టంగా మారుతుంది.

పదిహేను మీటర్ల గీత

వాణిజ్య భవనం ఎత్తు 15 మీటర్లు, ఆపైన ఉంటే అగ్నిమాపక శాఖ నిరభ్యంతర పత్రం తప్పనిసరి. పాతనగరంలోని మూడు, నాలుగు అంతస్తుల లాడ్జీలు అనేకం ఈ ఎత్తుకు లోపలే ఉంటాయి. అప్పుడు భద్రత బాధ్యత వ్యాపార అనుమతినిచ్చే నగరపాలక సంస్థపై పడుతుంది. రిజిస్టరులో పేర్లు, గుర్తింపు కార్డులు తనిఖీ చేసేది పోలీసులు. విద్యుత్ కనెక్షన్ ఇచ్చేది మరో సంస్థ. విదేశీయుడు దిగితే 24 గంటల్లోగా ఆన్‌లైన్‌లో సమాచారమివ్వాలన్న నిబంధన కేంద్రానిది. ఎవరి పరిధిలో వారు తమ కాగితం చూసుకొంటారు. రెండో మెట్ల దారి ఉన్నదా, ఉంటే దానికి తాళం వేసి ఉన్నదా అని అడిగేవారే కనిపించరు. ప్రమాదం జరిగిన వారం రోజులు తనిఖీలు, నోటీసులు హడావుడిగా సాగుతాయి. ఆ తర్వాత షరా మామూలే.

మంటకు ఎత్తుతో నిమిత్తం లేదు. 12 మీటర్ల భవనంలోని మూడో అంతస్తు కిటికీకి ఇనుప చువ్వలు బిగించి ఉంటే ఆ గది 20 అంతస్తుల భవనంలోని గదితో సమానమే. అందువల్ల రాత్రి బస చేసే భవనాలకు ఎత్తుతో పాటు పడకల సంఖ్య, మెట్ల సంఖ్య ప్రాతిపదికగా నిబంధనలు ఉండాలి.

వారసత్వ చట్టంతో చిక్కు

నిర్వాహకుల ఇబ్బందినీ విస్మరించలేం. రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణాన్ని 2010 నాటి సవరణ చట్టం నిషేధించింది. ఆపై మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. మరమ్మతులకు సైతం ముందస్తు అనుమతి కావాలి. చార్మినార్ చుట్టూ ఉన్న భవన యజమాని వెలుపలి వైపు ఇనుప మెట్లు అమర్చాలనుకొంటే, అది మరమ్మతా, కొత్త నిర్మాణమా అన్న ప్రశ్న ఎదురవుతుంది. ఆ అనుమతి కోసం కార్యాలయాల చుట్టూ తిరగడం కన్నా ఉన్నది ఉన్నట్లు వదిలేయడమే మేలని చిన్న యజమాని భావిస్తే ఆశ్చర్యపోనక్కరలేదు. కట్టడాన్ని కాపాడే చట్టం మనిషిని కాపాడే ఏర్పాటుకు అడ్డు కారాదు. ప్రాణరక్షణకు చేసే మార్పులకు ప్రామాణిక నమూనాలు ముందుగానే ఆమోదించి, వాటి ప్రకారం చేసేవారికి గడువులోగా అనుమతినిస్తే రెండు ప్రయోజనాలూ నెరవేరుతాయి.

పన్ను తగ్గినా..

పన్ను విషయానికి వస్తే, 2022 జులై 18కి ముందు రోజుకు వెయ్యి రూపాయల వరకు అద్దె ఉన్న గదులకు జీఎస్టీ మినహాయింపు ఉండేది. ఆ రోజు నుంచి 12 శాతం విధించారు. 2025 సెప్టెంబరు 22 నుంచి రూ.7,500 వరకు అద్దె ఉన్న గదులపై దానిని 5 శాతానికి తగ్గించారు. అయితే ఈ 5 శాతం పరిధిలో ముడిసరుకు, పరికరాల కొనుగోలుపై కట్టిన పన్నును సర్దుబాటు చేసుకొనే వీలు లేదు. అంటే, కొత్త వైరింగుకు, పొగ పసిగట్టే పరికరాలకు, మంటలార్పే సిలిండర్లకు చెల్లించే పన్ను నిర్వాహకుడి నెత్తినే పడుతుంది. రంగులు వేయించి, ఫొటోలు తీయించి బుకింగ్ యాప్‌లో పెడితే గది నిండుతుంది. వైరింగు మారిస్తే అద్దె పెరగదు. అందుకే భద్రతపై పెట్టుబడికి వడ్డీ రాయితీ గానీ, వ్యాపార అనుమతి రుసుములో తగ్గింపు గానీ ఇవ్వడం అవసరం. హోంస్టేలకు ముద్ర రుణాలిస్తామని కేంద్రం 2025-26 బడ్జెట్‌లో ప్రకటించింది. పాత భవనాల్లోని చిన్న లాడ్జీల భద్రత పనులకూ అటువంటి ఆసరా కల్పించడం సమంజసం.

మారనున్న ముఖచిత్రం

పాతనగరం పెద్ద మార్పు ముంగిట ఉంది. మహాత్మాగాంధీ బస్‌స్టేషన్ నుంచి చాంద్రాయణగుట్ట వరకు ఏడున్నర కిలోమీటర్ల మెట్రో మార్గానికి 2024 మార్చి 8న శంకుస్థాపన జరిగింది. చార్మినార్, సాలార్‌జంగ్ మ్యూజియం పేర్లతో స్టేషన్లు రానున్నాయి. మరోవైపు హైకోర్టు కొత్త భవనాలకు రాజేంద్రనగర్‌లో 2024 మార్చిలో, ఉస్మానియా కొత్త ఆసుపత్రికి గోషామహల్‌లో 2025 జనవరి 31న పునాదిరాళ్లు పడ్డాయి. రేపు కక్షిదారుల రాక తగ్గుతుంది, పర్యాటకుల రాక పెరుగుతుంది. స్థలాల విలువ పెరిగితే యజమానులు లాడ్జీలను పడగొట్టి వాణిజ్య సముదాయాలు కట్టడానికో, ఖరీదైన హోటళ్లుగా మార్చడానికో మొగ్గు చూపవచ్చు. ఫలక్‌నుమా ప్యాలెస్ 2010లో విలాసవంతమైన హోటలుగా మారి నిజాముల వైభవాన్ని నిలిపింది. కానీ సామాన్యుడికి అక్కడ గది అందుబాటులో లేదు. అతడికి మిగిలినవి ఈ లాడ్జీలే.

చేయవలసినది

నగరపాలక సంస్థ, అగ్నిమాపక, పోలీసు, విద్యుత్, పురావస్తు శాఖల ప్రతినిధులతో పాతనగరానికి ఒకే తనిఖీ బృందం ఏర్పాటు కావాలి. లాడ్జీలన్నింటినీ ఒక్కసారి లెక్కించి, రెండో మార్గం లేనివాటికి గడువు, సాంకేతిక సాయం రెండూ ఇవ్వాలి. గడువు దాటినా మారనివాటిని నిర్దాక్షిణ్యంగా మూసివేయాలి. విద్యుత్ వాహనాల ఛార్జింగు, గ్యాస్ సిలిండర్ల నిల్వ ఉన్న భవనంలో పైఅంతస్తులను బసకు అనుమతించరాదు. తనిఖీ జరిగిన తేదీ, ఫలితం మేనేజరు బల్ల వద్ద తెలుగు, ఉర్దూ భాషల్లో అందరికీ కనిపించేలా రాసి ఉంచాలి.

బస చేసేవారు కూడా గది తీసుకొనే ముందు అద్దెతో పాటు మరో మూడు విషయాలు అడగాలి. రెండో మెట్ల దారి ఎటు? రాత్రివేళ వీధి తలుపునకు తాళం వేస్తారా? కిటికీ తెరుచుకొంటుందా? వీటికి సూటిగా జవాబు రాని చోట బస చేయకపోవడమే శ్రేయస్కరం. గుల్జార్‌హౌజ్ మృతుల కుటుంబాలకు పరిహారం ప్రకటించడంతో ప్రభుత్వ బాధ్యత తీరిపోలేదు. మెట్రో చార్మినార్ చేరేలోగా లాడ్జీల్లో రెండో మెట్ల దారి తెరిపించడం ఆ బాధ్యతలో మొదటి పని.